చందూర్ అంటే ఏ చందూర్?

ఆమధ్య బతుకమ్మ పండక్కి హైదరాబాదు నుంచి అమ్మకో చీర పంపాను. ఎంగిలిపూల నాటికి అందాలని పది రోజుల ముందే కొరియర్లో వేశాను. సద్దుల బతుకమ్మ కూడా చెరువులో కలిసింది గానీ చీర జాడ లేదు. మర్నాడు అమ్మ ఫోను.

"బిడ్డా, నీ చీర నల్లగొండ పోయిందట. ఆడ గూడ మన ఊరు ఉన్నదట గద!"

ఉంది మరి! మాది నిజామాబాద్ జిల్లా చందూర్, బోధన్, వర్ని వైపు. నల్లగొండ జిల్లాలో ఉన్నది చండూరు. తెలుగులో రాస్తే 'ద'కూ 'డ'కూ తేడా తెలిసిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాశామా, రెండూ ఒకటే ఊరు. ఇవి చాలవన్నట్టు మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో చాందూర్ బజార్ ఒకటి, చాందూర్ రైల్వే ఒకటి. పిన్ కోడ్ రాయకుండా పంపిన తప్పు నాదే. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే ఇలాంటి తికమకలు రాకుండా చూడటమే నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ని. ఆఫీసులో డీబీఏ అంటారు.

"గదంటే ఏం పని బిడ్డా?" అని అమ్మ అడిగినప్పుడల్లా "కంప్యూటర్ పనిలే" అని తప్పించుకునేదాన్ని. చీర పోయాక ఇక తప్పలేదు. ఆ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ పొదుపు సంఘం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం.

సంఘంలో ముగ్గురు లక్ష్ములు

అప్పు తీసుకున్న ప్రతిసారీ తేదీ, పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు, మొత్తం... అన్నీ మళ్లీ మొదటినుంచీ రాసి ఉన్నాయి. సంఘంలో లక్ష్ములు ముగ్గురు. అందులో ఒకావిడే ఒక పేజీలో లక్ష్మి, ఇంకో పేజీలో లచ్చవ్వ, బ్యాంకు కాగితం అంటించిన చోట లక్ష్మీబాయి. అమ్మకేమో ఏ పేజీ ఎవరిదో చూడగానే తెలుసు. అమ్మ స్థానంలో రేపు ఇంకొకరు వస్తే? ఆ లక్ష్మి ఫోను నంబరు మారితే ఏడు చోట్ల దిద్దాలి. అమ్మ ఆరు చోట్ల దిద్దింది. ఏడోచోట పాత నంబరే ఉంది. చూసేవాళ్లకు ఏది నిజమని తెలియాలి?

ఈ తలనొప్పి మా చందూర్‌దే కాదు. అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ అనే ఆయన, పుట్టింది ఇంగ్లండులో, 1970లో దీనికో దారి చూపిస్తూ ఒక వ్యాసం రాశాడు. చూడటానికి అతి మామూలు ఆలోచన. సమాచారమంతా గళ్ల పట్టికలుగా రాయండి. ఒక విషయాన్ని ఒక్కచోటే రాయండి. మిగతా చోట్ల దాని గుర్తు మాత్రం వేయండి. అంతే! దీన్నే రిలేషనల్ డేటాబేస్ అంటున్నాం. బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు, ఆసుపత్రి బిల్లులు, చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటరు రంగంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదు.

అమ్మకు ఇలా చూపించాను. ఒక కాగితం మీద సభ్యుల పట్టిక. ప్రతి సభ్యురాలికీ ఒక నంబరు. లచ్చవ్వ 7. ఆమె పేరు, ఇల్లు, ఫోను ఈ ఒక్క వరసలోనే. రెండో కాగితం మీద అప్పుల పట్టిక. అక్కడ పేరే ఉండదు. తేదీ, మొత్తం, '7'. అంతే. ఆ 7ను ప్రైమరీ కీ అంటారు. ఇద్దరికి ఒకే కీ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. మనిషి పేరు మారవచ్చు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారవచ్చు (ఆడవాళ్లకు ఇది మరీ తెలుసు!), నంబరు మాత్రం మారదు.

"ఎవ్వరూ లేని నంబరు మీద అప్పు రాస్తే?" అంది అమ్మ.

అమ్మ సరిగ్గా అసలు చోటే పట్టుకుంది. పట్టికలో 31 నంబరు సభ్యురాలే లేకపోతే 31 పేరు మీద అప్పు రాయనివ్వదు డేటాబేస్. అలాగే అప్పు బాకీ ఉన్న సభ్యురాలి వరస చెరిపేయబోతే ఒప్పుకోదు. ఆ కట్టుబాటును ఫారిన్ కీ అంటారు. పుస్తకం ఏది రాసినా ఊరుకుంటుంది. డేటాబేస్ అడ్డం పడుతుంది. నా దృష్టిలో రెంటికీ ఉన్న అసలు తేడా ఇదే గానీ, వేగం కాదు.

ఒకచోటే రాయడం ఎంత అవసరమో మా ఊరి కథే చెబుతుంది. చందూర్ మొదట వర్ని మండలంలో ఉండేది, తర్వాత తానే మండలమైంది. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ఒక్కరోజున 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఒక్కో మనిషి వరసలో మండలం, జిల్లా పేర్లు రాసిపెట్టుకున్న ఆఫీసులో లక్షల వరసలు దిద్దాలి. ఊళ్ల పట్టిక విడిగా పెట్టుకుని మనిషి వరసలో ఊరి గుర్తు మాత్రమే వేసుకున్న చోట, ఒక్క వరస దిద్దితే ఊరు ఊరంతా కొత్త మండలంలోకి వచ్చేస్తుంది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ దేశంలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఇచ్చింది ఇందుకే. ఆ కోడ్ ప్రకారం మా చందూర్ వేరు, నల్లగొండ చండూరు వేరు. నా చీర మీద కోడ్ లేదు, అదీ సంగతి.

ఇక ప్రశ్న అడగడం. "మార్చి నుంచి కిస్తీ కట్టనివాళ్లెవరు?" అని అడగాలంటే ఎస్‌క్యూఎల్ అనే భాషలో రెండు మూడు వరుసలు రాస్తే చాలు. ఏం కావాలో చెబుతాం, ఎలా వెతకాలో చెప్పం. ఏ పట్టిక ముందు తెరవాలి, ఎటునుంచి వెతికితే తొందరగా దొరుకుతుంది అన్నది డేటాబేసే లెక్కేసుకుంటుంది. ఆ లెక్క ఎలా వేయాలో 1979లో చెప్పినవారిలో ముందు పేరు ఒక మహిళది, ప్యాట్రిషియా సెలింజర్. ఐబీఎంలో ఆమె, ఆమె తోటివాళ్లు కనిపెట్టిన పద్ధతి ఆధారంగానే ఇవాళ్టికీ చాలా డేటాబేసులు దారి వెతుక్కుంటున్నాయి. నేను అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. పదేళ్ల తర్వాత నేనే ఒక పుస్తకంలో చదివి ఆశ్చర్యపోయాను.

తీగకు గుచ్చిన చీటీలు

మా బాపుది చెరుకు సేద్యం. నిజాం కాలంలో 1930లలో వెలసిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయేదాకా మా వైపు ఇళ్లల్లో సంవత్సరం లెక్కంతా దాని చుట్టూనే తిరిగేది. బాపు కాటా వేయించుకుని రాగానే కాటా చీటీని దర్వాజా పక్కన వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాడు. స్నానం, అన్నం అన్నీ తర్వాతే. తీరిక దొరికినప్పుడు ఆ చీటీలు చూసి పెద్ద పుస్తకంలో ఎక్కించేవాడు. ఒక వానాకాలం ఇల్లు కురిసి పుస్తకం తడిసి ముద్దయింది. బాపు కంగారుపడలేదు. తీగ దించి, కింది చీటీ నుంచి మొదలుపెట్టి పుస్తకం మళ్లీ రాశాడు.

డేటాబేస్ చేసేదీ అచ్చంగా ఇదే! మనం ఏ మార్పు చేసినా ముందు 'లాగ్' అనే ఫైలులో చివర చేరుస్తుంది. అది డిస్కు మీద పడ్డాకే "సరే, అయింది" అంటుంది. అసలు పట్టికల్లో తీరిగ్గా ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి... తిరిగి రాగానే లాగ్ చదువుకుని, ఎక్కించాల్సినవి ఎక్కించి, సగంలో ఆగినవి కొట్టేస్తుంది. సగంలో ఆగినవి ఎందుకు కొట్టేయాలి? లచ్చవ్వ పొదుపులోంచి 5,000 తీసి అప్పులో జమ వేస్తున్నాం. పొదుపులోంచి తీశాం, అప్పులో వేసేలోగా కరెంటు పోయింది. ఆ డబ్బు ఎటు పోయినట్టు? అందుకే ఆ రెండు పనుల్నీ ఒక ముడి వేస్తాం. దాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు.

పట్టికలు డిస్కు మీద ఎలా ఉంటాయో కూడా అమ్మ అడిగింది. నోటు పుస్తకంలాగే పేజీలుగానే ఉంటాయి. ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఒక్కో పేజీ 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్‌లో 16. ఒక్క పేరు కావాలన్నా పేజీ మొత్తం తెచ్చి చూస్తుంది. అందుకే పేజీలన్నీ తిరగేయకుండా పుస్తకం చివరి సూచిక లాంటి ఇండెక్సులు వేస్తాం. అలాగని గడికో ఇండెక్సు వేస్తే కొత్త వరస రాసినప్పుడల్లా ఇండెక్సులన్నీ దిద్దుకుంటూ కూర్చోవాలి, పని నత్తనడక నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో చిత్రం ఉంది. ఒక వరసను దిద్దితే పాతది అక్కడే ఉంచి కొత్తది పక్కన రాస్తుంది. పాతవి పేరుకుపోతే ఊడ్చాలి. ఆ పని పేరేమిటో తెలుసా? వాక్యూమ్! ఇంట్లో ఊడ్చి, ఆఫీసుకొచ్చి ఊడ్చేది ఇక్కడ కూడా నేనేనా అని నవ్వుకుంటుంటాను. నిజానికి చాలావరకు అదే ఊడ్చుకుంటుంది, సరిగ్గా ఊడుస్తోందో లేదో చూడటం మా వంతు.

అందరూ నిజామాబాద్ వాళ్లయిన రాత్రి

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి చెప్పాలి. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. ఒక కస్టమరు చిరునామాలో మా చందూర్‌కు బదులు నల్లగొండ జిల్లా పడింది. దాన్ని నిజామాబాద్‌గా దిద్దమన్నారు. మా ఊరు కదా, హుషారుగా 'అప్‌డేట్' రాశాను. జిల్లా నిజామాబాద్ చెయ్యి అన్నాను. ఎవరికి అన్నది చెప్పే 'వేర్' అనే ముక్క రాయడం మరిచిపోయాను. ఎంటర్ కొట్టాను. అలవాటు కొద్దీ వెంటనే 'కమిట్' కూడా కొట్టాను. అప్పుడు తెరమీద కనిపించింది... నలభై వేల చిల్లర వరసలు మారాయని!

విశాఖపట్నం, గుంటూరు, చిత్తూరు, ఆదిలాబాద్... అందరూ నిజామాబాద్ జిల్లా వాళ్లయిపోయారు. చేతులు చల్లబడ్డాయి. ఎవరికీ చెప్పకుండా పారిపోదామా అనిపించింది. మా సీనియర్ మేడమ్ దగ్గరికెళ్లి నిలబడితే మాట రాలేదు. ఆమె తిట్టలేదు. టైమెంతయిందో రాసుకోమంది. రాత్రి 9.12.

ఇంకో మిషను మీద ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్‌ను ఎక్కించాం. దాని మీద ఆ రోజు లాగులు ఒక్కొక్కటే నడిపించాం, బాపు తీగ మీది చీటీల్లాగే. 9.11 దగ్గర ఆపాం. అక్కడ జిల్లాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ గడి ఒక్కటీ తెచ్చి అసలు పట్టికలో వేసి, సరిచూసేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. మేడమ్ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ ఒక మాటంది. నెల క్రితం దాకా ఆ బ్యాకప్ రోజూ 'సక్సెస్' అని చూపిస్తూనే సగం ఫైళ్లు వదిలేస్తోందట. ఈమె పని లేని ఒక శనివారం దాన్ని వేరే మిషనులో ఎక్కించి చూడబట్టి బయటపడింది, సరిచేసింది. ఆ శనివారం ఆమె సినిమాకెళ్లి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు "క్లౌడ్ ఉంది కదక్కా, వాళ్లే తీస్తారు బ్యాకప్" అంటారు. తీస్తారు, నిజమే. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులోనే తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. వాళ్ల డేటాబేస్ సేవలో రోజువారీ బ్యాకప్‌లు 35 రోజుల వరకూ దాచుకోవచ్చు. 36వ రోజున తప్పు తెలిస్తే? మీరు విడిగా దాచుకున్నది ఉంటేనే దిక్కు. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట అన్న పాత లెక్కను నేను ఇంకా వదల్లేదు. నెలకోసారి ఎక్కించి చూడటం అంతకంటే వదల్లేదు.

మా భూముల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. పేరేదైనా అడుగున ఉండేవి పట్టికలే... సర్వే నంబరు, ఖాతా నంబరు, పట్టాదారు. కాగితం పహాణీలో పేరు తప్పు పడితే అది ఆ ఒక్క కాగితంలోనే ఉండేది. డేటాబేసులో తప్పు ఎక్కితే బ్యాంకు అప్పు దగ్గరా, రైతులకిచ్చే పెట్టుబడి సాయం డబ్బుల దగ్గరా, అన్నిచోట్లా అదే తప్పు కనిపిస్తుంది. ఒకచోటే రాయాలన్న నియమానికి ఇది రెండో వైపు. కాబట్టి మీ పేరున సెంటు భూమి ఉన్నా సరే, పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మీరే ఒకసారి చూసుకోండి. మావారు చూసుకుంటారులే అనుకోకండి.

తాళాల గుత్తి ఎవరి దగ్గర?

డీబీఏ పనిలో సగం తాళాల కాపలా. ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నది ఒక్కో పట్టికకు విడివిడిగా ఇవ్వవచ్చు. బిల్లు వేసే అమ్మాయికి బిల్లుల పట్టిక చాలు, రోగుల జబ్బుల పట్టిక ఎందుకు? కానీ చాలా చిన్న ఆఫీసుల్లో అందరికీ ఒకే పాస్‌వర్డ్, అది గోడకు అంటించిన కాగితం మీద! కొట్లో ఇచ్చిన ఫోను నంబరుకు అర్ధరాత్రి మెసేజ్‌లు వచ్చిన ఆడపిల్లలు నాకు తెలుసు. ఆ నంబరు ఎవరు చూశారో చెప్పే లెక్క ఆ కొట్లో లేదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. చట్టం సరే... తాళాలు వేసే పని ఎవరో ఒకరు రోజూ చేయాలి కదా.

ఈ పని ఆడవాళ్లకు నప్పుతుందా అని అడుగుతుంటారు. నప్పుతుంది అనను, నప్పదు అనను. ప్రోగ్రాములు రాసేవాళ్లకున్నంత పేరు మాకుండదు. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. పెద్ద మార్పులు ఆదివారం తెల్లవారుజామున చేయాలి, ఎందుకంటే అప్పుడే వాడేవాళ్లు తక్కువ. పాప జ్వరంతో ఉన్న రాత్రే ఫోను మోగిన సందర్భాలున్నాయి. రాత్రి డ్యూటీ వంతుల ప్రకారం వేస్తారా, ఇంటినుంచి చేయనిస్తారా అని ఇంటర్వ్యూలోనే అడిగేయండి, మొహమాటం వద్దు. ఇంకో వైపు చూస్తే, ఇక్కడ నేర్చుకున్నది త్వరగా పాతబడదు. పిల్లలు పుట్టాక మూడేళ్లు మానేసి తిరిగి వచ్చినప్పుడు నా తోటి ప్రోగ్రామర్లకు అంతా కొత్తగా ఉంది. నాకు పట్టికలు, కీలు, లాగులు అవే.

ఇప్పటికే ఆఫీసులో ఎక్సెల్‌లో లెక్కలు రాస్తున్నవారు సగం దూరం వచ్చినట్టే. నేర్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మైఎస్‌క్యూఎల్ తయారు చేసినవారిలో ఒకరైన వైడేనియస్ దానికి తన పెద్ద కూతురు 'మై' పేరు పెట్టాడు. తర్వాత చేసిన మరియాడీబీకి చిన్న కూతురు 'మరియా' పేరు పెట్టాడు. కోర్సుల్లో చేర్చుకునేవాళ్లను ఒక్కటే అడగండి. "బ్యాకప్ తీయడం సరే, పాడుచేసి తిరిగి ఎక్కించడం మా చేత చేయిస్తారా?" అని. చేయించని చోట డబ్బు కట్టకండి.

ఆ సంక్రాంతి సెలవుల్లో అమ్మ సంఘం లెక్కలన్నీ నా ల్యాప్‌టాప్‌లో మూడు పట్టికలుగా ఎక్కించాను. సంఘం వాళ్లు మా అరుగు మీద కూర్చుని చూశారు. ఒక పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసి, వాళ్ల కళ్లముందే పట్టికలు మూడూ చెరిపేశాను.

"అయ్యో, గట్ల జేస్తివేందే!" అని లచ్చవ్వ లేచి నిలబడింది.

నిమిషంలో తిరిగి ఎక్కించాను. అమ్మ మాత్రం నమ్మకుండా కళ్లజోడు పెట్టుకుని పుస్తకంలో పొదుపు మొత్తాలు కూడుకుంటూ కూర్చుంది. నా మొత్తానికీ ఆమె మొత్తానికీ నలభై రూపాయల తేడా. వెతగ్గా వెతగ్గా దొరికింది. పుస్తకంలో ఒక నెల లక్ష్మి పొదుపు రెండుసార్లు పడింది, ఒకసారి లక్ష్మిగా, ఇంకోసారి లచ్చవ్వగా. ఎక్కించేటప్పుడు ఒకే తేదీకి ఒకే నంబరు మీద రెండోసారి రాయబోతే డేటాబేస్ ఒప్పుకోలేదు, నేను చూసుకోకుండా ముందుకెళ్లిపోయాను.

లచ్చవ్వ మాత్రం రెండుసార్లూ కట్టానంటోంది. వచ్చే మీటింగులో తేలుస్తామని చెప్పి అమ్మ ఆ పేజీని ఒక చీటీ మీద రాసుకుని, దర్వాజా పక్క తీగకు గుచ్చింది.